కిడ్నీలో గడ్డ అన్నాక ముందు అడగాల్సిన మాట

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, అదీ వాన పడేలా ఉన్నప్పుడు, బాగ్‌లింగంపల్లి దాకా వచ్చి ఒక డాక్టరు మాట వినడానికి కూర్చున్నారంటే, మీలో చాలామందికి ఇంట్లోనో బంధువుల్లోనో ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పోయిన ఏడాది సూర్యాపేట దగ్గర ఒక ఊరి నుంచి డెబ్బై రెండేళ్ల రైతు ఒకాయన ఇద్దరు కొడుకులతో నా ఓపీకి వచ్చారు. కడుపు ఉబ్బరంగా ఉంటోందని అక్కడ స్కానింగ్ తీయించారట. గ్యాస్ సంగతి పక్కకు పోయి, కుడి కిడ్నీలో రెండు సెంటీమీటర్ల గడ్డ ఉందని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని రాత్రికి రాత్రే బస్సెక్కారు. పెద్ద కొడుకు కుర్చీలో కూర్చోకుండానే, "సార్, పైసలు తెచ్చుకున్నం. రేపే తీసెయ్యుండ్రి" అన్నాడు. పెద్దాయన మాత్రం, "ఒక్క కిడ్నీతోని బతుకొచ్చు గద సారూ?" అని అడిగారు.

ఆయనకు పదిహేనేళ్లుగా షుగర్ ఉంది, బీపీ ఉంది. కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, అప్పటికే 1.6. అంటే రెండు కిడ్నీలూ కలిసి కూడా పూర్తిగా పనిచేయడం లేదన్నమాట. ఇప్పుడే ఆపరేషన్ వద్దు, కొన్నాళ్లు చూద్దాం అన్నాను. చిన్న కొడుకు ముఖం పాలిపోయింది. "ఇంక లాభం లేదంటున్నారా సార్?" అన్నాడు. తీయనన్నానంటే చేయి దాటిపోయిందని వాళ్లకు అర్థమైంది. ఆ భయం పోగొట్టడానికి నాకు ముప్పావుగంట పట్టింది. ఆ రోజు వాళ్లకు చెప్పిందే ఇవాళ మీకు కాస్త వివరంగా చెబుతాను.

కిడ్నీ గురించి రెండు మాటలు. ఒక్కొక్కటీ మన పిడికిలంత ఉంటుంది, బరువు దాదాపు 150 గ్రాములు. గుండె నిమిషానికి పంపే రక్తంలో సుమారు ఐదో వంతు ఈ రెండింటికే వెళుతుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల జల్లెడల్లాంటి నిర్మాణాలు ఉంటాయి. వాటిని నెఫ్రాన్లు అంటాం. పెద్దయ్యాక కొత్త నెఫ్రాన్ ఒక్కటి కూడా పుట్టదు. వయసుతో పాటు కొన్ని పోతూ ఉంటాయి, షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఇంకా తొందరగా పోతాయి. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

పెద్దాయన అడిగిన ప్రశ్న ఉంది చూశారా, ఒక్క కిడ్నీతో బతకొచ్చా అని, అది నూట యాభై ఏళ్ల కిందటి ప్రశ్న. జర్మనీలో హైడెల్‌బర్గ్ అనే ఊళ్లో గుస్టావ్ సైమన్ అనే సర్జన్ ఉండేవారు. ఆయన దగ్గరికి మార్గరేథా క్లెబ్ అనే స్త్రీ వచ్చింది. అంతకుముందు జరిగిన ఒక ఆపరేషన్‌లో ఆమె మూత్రనాళం దెబ్బతిని, మూత్రం ఎప్పుడూ కారిపోతూ ఉండేది. మూసేందుకు చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు. ఆ వైపు కిడ్నీ తీసేస్తే కారడం ఆగుతుంది. కానీ మనిషి బతుకుతుందా? ఎవరికీ తెలియదు. సైమన్ ముందు కుక్కలకు ఒక కిడ్నీ తీసి చూశారు. అవి బతికాయి, మిగిలిన కిడ్నీ పెద్దదై రెండింటి పనీ చేసింది. ఆ నమ్మకం కుదిరాకే, 1869 ఆగస్టు 2న, ఆమె కిడ్నీ తీశారు. ఆమె కోలుకుంది. ముందే ఆలోచించి, సిద్ధపడి చేసిన మొదటి కిడ్నీ తొలగింపు అదే.

నాకు ఆ ఆపరేషన్ కన్నా దానికి ముందు ఆయన చేసిన పని గొప్పగా కనిపిస్తుంది. కత్తి పట్టడానికి ముందు ప్రశ్న వేసుకున్నారు, జవాబు వెతికారు. మన ఊరికీ అలాంటి చరిత్ర ఉంది. 1888, 1889లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, అంటే ఇప్పటి ఉస్మానియా ఉన్నచోట, క్లోరోఫామ్ మత్తు మీద పెద్ద ఎత్తున పరిశోధన జరిగింది. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ నడిపించారు, నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించారు. హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ అని ఇప్పటికీ ప్రపంచంలో మత్తుమందు వైద్యం చదివేవాళ్లంతా ఆ పేరు వింటారు. ఇక్కడే చదువుకున్న రూపాబాయి ఫర్దూంజీ మత్తు ఇచ్చే వైద్యంలో ప్రపంచంలోనే తొలితరం మహిళ. క్లోరోఫామ్ నేరుగా గుండెను ఆపదు, శ్వాస మీద కన్నేసి ఉంచితే చాలు అన్న ఆ కమిషన్ తీర్పు తర్వాత నిలబడలేదు. అది గుండె లయను కూడా దెబ్బతీయగలదని 1911 నాటికి తేలింది. ఎంత పెద్ద పరిశోధన అయినా మళ్లీ మళ్లీ పరీక్షకు నిలబడాలి. మూసీ ఒడ్డున జరిగిన పనికైనా, అమెరికాలో జరిగిన పనికైనా ఇదే వర్తిస్తుంది.

సరే, కిడ్నీకి వద్దాం. సైమన్ దారి చూపాక క్యాన్సర్ గడ్డ ఉన్న కిడ్నీని తీయడం మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం నడిమిలో కెనడాలోని టొరంటోలో చార్లెస్ రాబ్సన్ అనే ఆయన ఒక పద్ధతి స్థిరపరిచారు. కిడ్నీ, దాని చుట్టూ ఉన్న కొవ్వు, ఆ కొవ్వును కప్పి ఉంచే పొర, పైనున్న అడ్రినల్ గ్రంథి, దగ్గర్లోని లింఫ్ గ్రంథులు, అన్నీ కలిపి ఒకే ముద్దగా తీయడం. 1969లో ఆయన ఫలితాలు ప్రచురించారు. అప్పటికి అది సరైనదే. ఆ రోజుల్లో స్కానింగులు లేవు. మూత్రంలో రక్తం పడి, నడుము నొప్పి వచ్చి, చేతికి గడ్డ తగిలాకే మనిషి ఆసుపత్రికి వచ్చేవాడు. అంత పెద్ద గడ్డ ఉన్నప్పుడు కిడ్నీలో మిగల్చడానికి ఏముంటుంది?

తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చింది, సీటీ వచ్చింది. ఇవాళ అమీర్‌పేటలో ఏ సందులోకి వెళ్లినా స్కానింగ్ సెంటర్ ఉంటుంది. మాస్టర్ హెల్త్ చెకప్ అని వెళ్లినవాళ్లకు, పిత్తాశయంలో రాళ్లున్నాయేమో చూద్దామని వెళ్లినవాళ్లకు, ఏ బాధా లేని రెండు మూడు సెంటీమీటర్ల గడ్డలు బయటపడటం మొదలైంది. జబ్బు రూపం మారింది, ఆపరేషన్ మాత్రం చాలాకాలం మారలేదు.

ఇక్కడ నేను మీకు ఒక సంగతి చెప్పుకోవాలి. 2003లో, నేను కన్సల్టెంట్‌గా చేరిన కొత్తలో, యాభై నాలుగేళ్ల స్కూల్ టీచరమ్మ ఒకరు మూడు సెంటీమీటర్ల గడ్డతో వచ్చారు. అప్పుడు నేను పనిచేసిన చోట గడ్డ అంటే కిడ్నీ మొత్తం తీయడమే. నాకు నేర్పిందీ అదే, నేను చేసిందీ అదే. ఆపరేషన్ చక్కగా జరిగింది. పది రోజులకు ల్యాబ్ రిపోర్టు వచ్చింది: ఆంకోసైటోమా. అంటే క్యాన్సర్ కాదు, ప్రాణానికి హాని చేయని గడ్డ. ఆమె భర్త సంతోషం పట్టలేక వార్డంతా స్వీట్లు పంచారు. ఆ డబ్బాలోంచి నేనూ ఒకటి తీసుకున్నాను.

ఆమెకు షుగర్ ఉంది. తొమ్మిదేళ్ల తర్వాత మిగిలిన ఆ ఒక్క కిడ్నీ కూడా దెబ్బతిన్నాక మళ్లీ నా దగ్గరికే వచ్చారు. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు అప్పుడు నన్ను కాపాడారు డాక్టరుగారూ" అన్నారు. ఆ మాట విన్నాకే కిడ్నీ గడ్డల పరిశోధన వైపు పూర్తిగా తిరిగాను. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డల్లో దాదాపు ఐదింట ఒకటి క్యాన్సర్ కాదని ఇవాళ మనకు తెలుసు. ఆ టీచరమ్మ ఆ ఐదోవంతులో ఒకరు.

ఈ రంగంలో నేను గురువుగా భావించే మనిషి మార్స్టన్ లినెహాన్. అమెరికాలో వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో జాతీయ క్యాన్సర్ సంస్థ ఉంది. అందులో మూత్రాశయ, మూత్రపిండ క్యాన్సర్ల విభాగాన్ని దశాబ్దాల పాటు నడిపించారు. ఆయన సర్జన్. కానీ ఆయన గొప్పతనం థియేటర్ బయట చేసిన పనిలో ఉంది. 1980ల్లో ఆయన మొదలుపెట్టేనాటికి కిడ్నీ క్యాన్సర్ అంటే ఒకే జబ్బు. అందరికీ ఒకే ఆపరేషన్, ఒంట్లో వేరేచోటికి పాకితే పనిచేసే మందు దాదాపు లేదు. అది ఎందుకొస్తుందో కనుక్కోకుండా వైద్యం మారదని ఆయనకు అనిపించింది. కిడ్నీలో వేల జన్యువులు పనిచేస్తుంటాయి, ఎక్కడని వెతకాలి? ఆయన, బెర్టన్ జ్బార్, వాళ్ల జట్టు కుటుంబాలను పట్టుకున్నారు.

వాన్ హిప్పెల్ లిండావ్ అని ఒక జబ్బుంది. పొట్టిగా వీహెచ్‌ఎల్ అంటాం. దాదాపు 36 వేల మందిలో ఒకరికి ఉంటుంది. కంటి వెనక రక్తనాళాల గడ్డలు, మెదడులో, వెన్నులో గడ్డలు, రెండు కిడ్నీల్లోనూ గడ్డలు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. ఇలాంటి కుటుంబాల్లో తాతలు, అత్తలు, మనవలు, అందరి రక్త నమూనాలూ సేకరించి, జబ్బున్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా ఎక్కడుందో ఏళ్ల తరబడి వెతికారు. మూడో క్రోమోజోము పొట్టి కొమ్మ చివర ఉందని తేలింది. 1993లో ఆ జన్యువు దొరికింది. అసలు ఆశ్చర్యం తర్వాత వచ్చింది. వంశంలో ఎవరికీ లేకుండా మామూలుగా కిడ్నీ క్యాన్సర్ వచ్చినవాళ్ల గడ్డల్లో చూస్తే, వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకంలో, చాలావాటిలో అదే జన్యువు చెడి ఉంది. అరుదైన జబ్బున్న కొన్ని కుటుంబాలు రక్తం ఇచ్చాయి, ఆ రక్తం ప్రపంచంలో లక్షల మంది జబ్బు గుట్టు విప్పింది. ఆ కుటుంబాలను తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ జన్యువు చేసే పనేంటో ఇంకొకరు కనిపెట్టారు. కణానికి ఆక్సిజన్ అందుతోందా లేదా అని చూసుకునే ఏర్పాటు ఒకటి ప్రతి కణంలో ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే హిఫ్ అనే ప్రొటీన్ పేరుకుంటుంది, కొత్త రక్తనాళాలు పంపండి, ఎర్ర రక్తకణాలు పెంచండి అని ఆదేశాలిస్తుంది. ఆక్సిజన్ సరిపడా ఉంటే వీహెచ్‌ఎల్ ప్రొటీన్ ఆ హిఫ్‌ను పట్టుకుని చెత్తబుట్టకు పంపిస్తుంది. ఇప్పుడు వీహెచ్‌ఎల్ చెడిపోయిందనుకోండి. హిఫ్‌ను ఆపేవాళ్లు లేరు. కణం చుట్టూ ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా, ఊపిరాడటం లేదన్నట్టు రక్తనాళాలను పిలుస్తూనే ఉంటుంది. ఈ ఏర్పాటును వివరించినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

నా బోటి సర్జన్లకు ఇది చదివినప్పుడు కళ్లు తెరుచుకున్నట్టయింది. కిడ్నీ గడ్డను ముట్టుకుంటే చాలు, రక్తం ఎందుకంత చిమ్ముతుందో, కొంతమంది రోగుల్లో హిమోగ్లోబిన్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఎందుకుంటుందో ఒక్కసారిగా అర్థమైంది. రక్తనాళాలను అడ్డుకునే మాత్రలు వచ్చింది కూడా ఈ దారినే. సొరాఫెనిబ్‌కు 2005లో, సునిటినిబ్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. హిఫ్‌నే నేరుగా కట్టేసే బెల్జుటిఫాన్ అనే మాత్రకు, వీహెచ్‌ఎల్ ఉన్నవాళ్ల కోసం, 2021లో వచ్చింది. జన్యువు దొరికింది 1993లో, దాని గుట్టుమీద కొట్టే మందు 2021లో. ఇరవై ఎనిమిదేళ్లు. పరిశోధనకు డబ్బెందుకు, ఫలితమేదీ అని అడిగేవాళ్లకు నేనెప్పుడూ ఈ రెండు సంవత్సరాలూ చెబుతాను.

లినెహాన్ జట్టు అక్కడ ఆగలేదు. మరో రకం కిడ్నీ క్యాన్సర్‌కు మెట్ అనే జన్యువు కారణమని 1997లో తేల్చారు. ముఖం మీద చిన్న చిన్న తెల్లటి పొక్కులు, ఊపిరితిత్తుల్లో గాలి బుడగలు, కిడ్నీలో గడ్డలు ఉండే కుటుంబాల్లో 2002లో ఇంకో జన్యువు దొరికింది. ఒకే జబ్బు అనుకున్నది ఎన్నో జబ్బులుగా విడిపోయింది. ఒక్కోదాని నడక వేరు.

ఆపరేషన్‌కు దీనితో సంబంధమేంటని మీరు అడగొచ్చు. చాలా ఉంది. వీహెచ్‌ఎల్ ఉన్నవాళ్లకు రెండు కిడ్నీల్లోనూ జీవితాంతం గడ్డలు పుడుతూనే ఉంటాయి. కనిపించినప్పుడల్లా కోస్తే కొన్నేళ్లకే కిడ్నీలు మిగలవు. అలాగని వదిలేస్తే పాకుతుంది. బెథెస్డాలో వందలమందిని ఏళ్ల తరబడి గమనించి ఒక గీత గీశారు: అన్నిటికన్నా పెద్ద గడ్డ మూడు సెంటీమీటర్లకు చేరేదాకా ఆగవచ్చు. చేరాక గడ్డలను మాత్రం ఒలిచి తీసి, కిడ్నీని ఉంచాలి. మూడు సెంటీమీటర్ల లోపు ఉన్నవాళ్ల గుంపులో ఒక్కరికి కూడా వేరేచోటికి పాకలేదు. దాటినవాళ్లలో నాలుగోవంతు పైగా మందికి పాకింది. క్యాన్సర్ అని తెలిసి కూడా ఒక హద్దు పెట్టుకుని ఆగవచ్చని లెక్కతో చూపించడం చిన్న విషయం కాదండి. అదే సమయంలో, ఎఫ్‌హెచ్ అనే జన్యువు చెడినవాళ్లలో మాత్రం ఒక సెంటీమీటరు గడ్డనైనా ఉంచకూడదు, వెంటనే, చుట్టూ కాస్త ఎక్కువ భాగంతో కలిపి తీసేయాలి, అది అంత తొందరగా పాకుతుంది అని కూడా వాళ్లే హెచ్చరించారు. ఈ జన్యువు చెడిన కుటుంబాల్లో ఆడవాళ్లకు చిన్న వయసులోనే గర్భసంచిలో గడ్డలు వస్తాయి, చర్మం మీద నొప్పిపెట్టే పొక్కులు ఉంటాయి. మన దగ్గర ముప్పై ఏళ్లకే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎంతమంది! వాళ్లందరికీ ఈ జబ్బుందని కాదు. ఎఫ్‌హెచ్ చెడటం చాలా అరుదు. కానీ కిడ్నీ గడ్డతో ఒక మనిషి వచ్చినప్పుడు, "మీ అమ్మకు, అక్కచెల్లెళ్లకు గర్భసంచి ఎప్పుడు తీశారు?" అని నేను అడిగి తీరతాను.

అక్కడ వెనక నుంచి ఒకమ్మ అడుగుతున్నారు, మేనరికం వల్ల వస్తుందా అని. మంచి ప్రశ్నమ్మా. ఇప్పుడు చెప్పిన జబ్బులు రావడానికి చెడిన జన్యువు ఒక వైపు నుంచి వస్తే చాలు. కాబట్టి మేనరికానికీ వీటికీ సంబంధం పెట్టనక్కర్లేదు. కానీ నలభై ఆరేళ్ల లోపు కిడ్నీ క్యాన్సర్ వచ్చినా, రెండు కిడ్నీల్లో గడ్డలున్నా, రక్తసంబంధీకుల్లో ఇంకొకరికి ఉన్నా జన్యు పరీక్ష గురించి మీ డాక్టరును అడగండి. ఇంకో మాట కూడా చెప్పాలి. మన కుటుంబాల్లో పెళ్లి సంబంధాలు చెడిపోతాయని జబ్బు దాస్తారు. నా దగ్గర ఒక కుటుంబంలో పెద్దన్నకు వీహెచ్‌ఎల్ తేలితే, చెల్లెలి పెళ్లయ్యేదాకా ఆమెకు పరీక్ష చేయించలేదు. చేయించేనాటికి గడ్డ ఆరు సెంటీమీటర్లు. వాళ్లను నేను తప్పుపట్టలేను, ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు. కానీ ఆ రెండేళ్లు ఆ అమ్మాయికి చాలా ఖరీదైనవి.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. గడ్డను మాత్రం తీసి కిడ్నీని ఉంచడాన్ని పార్షియల్ నెఫ్రెక్టమీ అంటాం. కష్టమంతా ఎక్కడుందంటే, కిడ్నీలో రక్త ప్రవాహం ఎక్కువ. కోయాలంటే ముందు కిడ్నీకి వచ్చే ధమనికి క్లాంప్ వేసి రక్తం ఆపాలి. ఆపిన క్షణం నుంచి ఆ కిడ్నీకి ఊపిరాడదు. గడియారం మొదలవుతుంది. పాతిక ముప్పై నిమిషాల్లోపల గడ్డ కోసి, లోపల తెగిన రక్తనాళాలు, మూత్రం సేకరించే గొట్టం కుట్టి, కిడ్నీని మూసి, క్లాంప్ తీసేయాలి. మా థియేటర్‌లో ఒక సిస్టర్ ఐదు నిమిషాలకొకసారి గట్టిగా సమయం చెబుతుంటారు. ఆ పావుగంట, ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఎక్కువసేపు పట్టేలా ఉంటే పొట్ట తెరిచి చేసే ఆపరేషన్‌లో కిడ్నీ చుట్టూ శుద్ధిచేసిన మంచుపొడి పేరుస్తాం. చల్లబడిన కిడ్నీ ఎక్కువసేపు ఓర్చుకుంటుంది.

1990లో రాల్ఫ్ క్లేమన్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చిన్న రంధ్రాల ద్వారా మొదటిసారి కిడ్నీ తీశాక కోత చిన్నదైంది. తర్వాత రోబో వచ్చింది. హైదరాబాద్‌లో ఇప్పుడు పెద్ద పెద్ద హోర్డింగుల మీద రోబో బొమ్మలు చూస్తున్నారు కదా. రోబోతో కుట్లు తొందరగా, నేర్పుగా వేయవచ్చు, పార్షియల్ ఆపరేషన్‌కు అది నిజంగా సాయం చేస్తుంది. నేనూ వాడతాను. కానీ రోబో తనంతట తాను ఏమీ చేయదు. ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు మిషన్ ఉందా అని అడిగే ముందు, ఆ సర్జన్ ఏడాదికి ఎన్ని పార్షియల్ ఆపరేషన్లు చేస్తారో అడగండి. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకునే డాక్టరు దగ్గర చేయించుకోకండి.

మీకు అన్నీ నాకు అనుకూలమైనవే చెప్పకూడదు. యూరప్‌లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. ఐదు సెంటీమీటర్ల లోపు గడ్డలున్న 541 మందిని చీటీ తీసినట్టుగా రెండు గుంపులు చేశారు. సగం మందికి కిడ్నీ మొత్తం తీశారు, సగం మందికి గడ్డ మాత్రం తీశారు. 2011లో ఫలితం వచ్చింది. పదేళ్లకు మొత్తం తీసినవాళ్లలో 81 శాతం మంది, గడ్డ మాత్రం తీసినవాళ్లలో దాదాపు 76 శాతం మంది బతికి ఉన్నారు. అంటే కిడ్నీని మిగల్చడం ఆయుష్షు పెంచుతుందని ఆ పరిశోధన చూపించలేదు. నాకు ఆ ఫలితం చదివి వారం రోజులు మనసు బాగాలేదు. తర్వాత వాళ్ల కిడ్నీల పనితీరు లెక్కలు చూశాను. గడ్డ మాత్రం తీసినవాళ్లలో పనితీరు మెరుగ్గా ఉంది, కానీ మొత్తం తీసినవాళ్లలో కూడా డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లు చాలా కొద్దిమందే. ఆరోగ్యమైన రెండో కిడ్నీ ఉన్నవాళ్లకు ఒకటి పోయినా నడుస్తుందనే దాని అర్థం. మన అమ్మలు పిల్లలకు కిడ్నీ దానం చేసి హాయిగా బతుకుతున్నది అందుకే కదా. కానీ దాత కావాలంటే షుగర్ ఉండకూడదు, కిడ్నీ బాగుండాలి, అన్నీ వడపోసి ఒప్పుకుంటాం. కిడ్నీ గడ్డతో నా దగ్గరికొచ్చే మనిషిని ఎవరూ వడపోయలేదు. షుగర్, బీపీ, ఏళ్ల తరబడి ఒంటినొప్పుల కోసం మింగిన మాత్రలు, వీటన్నిటితో వస్తాడు. అందుకే చిన్న గడ్డలకు, వీలైన చోటల్లా, మిగల్చడమే మంచిదని నా నమ్మకం. ప్రపంచంలోని వైద్య మార్గదర్శకాలు కూడా అదే చెబుతున్నాయి.

పెద్ద గడ్డల కథ వేరు. మన దగ్గర ఇప్పటికీ పది సెంటీమీటర్ల గడ్డతో వస్తారు. కిడ్నీ క్యాన్సర్‌కు ఒక విచిత్రమైన అలవాటుంది. సిరలోకి తీగలా పాకుతుంది, కొందరిలో గుండె కుడి గది దాకా వెళుతుంది. అలాంటప్పుడు గుండె సర్జన్, మేము కలిసి ఎనిమిది, పది గంటలు పనిచేస్తాం. వేరే అవయవాలకు పాకకపోతే అంత పెద్ద ఆపరేషన్ తర్వాత కూడా ఏళ్ల తరబడి బతికినవాళ్లున్నారు. అక్కడ కిడ్నీని మిగల్చాలనే మాటే రాదు.

ఒకసారి పాకాక కిడ్నీ తీయడం అవసరమా? 2001లో తీయాలన్నారు. 2018లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కార్మెనా పరిశోధన, సునిటినిబ్ మాత్ర ఒక్కటే వాడినవాళ్లు ఆపరేషన్ చేసి మాత్ర వాడినవాళ్లకు తీసిపోలేదని చూపించింది. ఇప్పుడు రోగనిరోధక శక్తిని మేల్కొలిపే ఇంజక్షన్లు వచ్చాయి. వాటిలో నివోలుమాబ్‌కు కిడ్నీ క్యాన్సర్‌లో వాడటానికి 2015లో అనుమతి వచ్చింది. ఆపరేషన్ తర్వాత తిరగబెట్టే ముప్పు ఎక్కువున్నవాళ్లకు పెంబ్రోలిజుమాబ్ ఇస్తే బతికేవాళ్ల సంఖ్య పెరుగుతుందని 2024లో తేలింది. ఈ మందులు ఏడాదికి లక్షల్లో ఖర్చు. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి బయట చెట్టుకింద పడుకున్న కుటుంబాలను చూస్తే, మందు కనిపెట్టడం సగం పనేనని తెలుస్తుంది. తక్కువ మోతాదుతో, తక్కువసార్లు ఇచ్చి కూడా అదే ఫలితం వస్తుందా అన్న పరిశోధన మన దేశంలోనే జరగాలి. మందు అమ్మేవాళ్లు ఆ పని చేయరు.

ఒక్క విషయం గట్టిగా చెప్పి ముగింపుకు వస్తాను. మూత్రం ఎర్రగా వస్తే మన ఇళ్లలో వేడి చేసిందంటారు. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ. రెండు రోజులకు ఎరుపు తగ్గుతుంది, వేడి తగ్గిందనుకుంటారు. కిడ్నీ క్యాన్సర్‌లో రక్తం అలాగే వచ్చిపోతూ ఉంటుంది, నొప్పి కూడా ఉండదు. నొప్పి లేదు కాబట్టి భయం లేదనుకోకండి. నొప్పి లేకుండా రక్తం పడితేనే ముందు చూపించుకోవాలి. బార్లీ తాగండి, కానీ స్కానింగ్ తీయించుకుని తాగండి. బీడీ, సిగరెట్, పెరిగిన బరువు, పట్టించుకోని బీపీ, ఇవి ముప్పు పెంచుతాయని రుజువైంది. ఇంకొకటి, సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని బయాప్సీకి, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడానికి, ఒప్పుకోరు. కిడ్నీ గడ్డ విషయంలో అలా పాకడం చాలా చాలా అరుదు. ఆ 2003 టీచరమ్మకు బయాప్సీ చేసి ఉంటే, అది ఆంకోసైటోమాలా ఉందన్న అనుమానం ముందే వచ్చి, ఆమె కిడ్నీ ఆమెకే ఉండేదేమో.

మన సూర్యాపేట పెద్దాయనకు బయాప్సీ చేయించాం. క్లియర్ సెల్ క్యాన్సరే, నెమ్మదిగా పెరిగే తరగతి. కొడుకులు హడలిపోయారు. "క్యాన్సర్ అని తేలినంక గూడ కడుపుల పెట్టుకుంటమా సార్?" అన్నాడు పెద్దవాడు. ఇలాంటి చిన్న గడ్డలు సగటున ఏడాదికి మూడు మిల్లీమీటర్లు పెరుగుతాయని, జాగ్రత్తగా చూస్తూ ఉంటే ఆ కాలంలో పాకేది నూటికి ఒకరిద్దరిలోనేనని, పెరుగుదల తొందరపడితే అప్పుడు గడ్డను మాత్రం తీస్తానని, ఈలోపు షుగర్ చేసే నష్టం గడ్డ చేసే నష్టం కన్నా ఎక్కువని చెప్పాను. ఆరు నెలలకొకసారి రావాలి, ఒక్కసారి కూడా తప్పకూడదు అని మాట తీసుకున్నాను. అది లేకపోతే ఈ పద్ధతి పనిచేయదు. చూడకుండా వదిలేయడానికీ, చూస్తూ ఆగడానికీ మధ్య తేడా ఆ ఆరు నెలల స్కానే.

మొన్న నాట్లు అయ్యాక వచ్చారు. గడ్డ రెండు సెంటీమీటర్ల నుంచి 2.2 అయింది, ఏడాదిలో. కొడుకులు గడ్డ సైజు చెప్పమని నా ముఖంలోకి చూస్తున్నారు. పెద్దాయన మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, "సారూ, క్రియాటిన్ ఎంతున్నది?" అని అడిగారు.

1.6 దగ్గరే ఉందని చెప్పాను. ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నాను.